బారాసాత్ నుంచి షిల్లాంగ్ దాకా: ఐజ్వాల్ గెలిచిన దారి

మొదటి రోజు, మంగళవారం: బారాసాత్

సియాల్దాలో లోకల్ రైలెక్కి బారాసాత్‌లో దిగాను. దారి అడిగితే ఒక మిఠాయి కొట్టు ముసలాయన వింతగా చూశారు. ఈ రోజు మ్యాచ్ ఏమీ లేదు కదా, స్టేడియం ఎందుకు అన్నారు. ఎనిమిదేళ్ల కిందట జరిగిన మ్యాచ్ కోసం వచ్చానని చెబితే ఆయనకు అర్థమైంది. బెంగాలీలకు ఈ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం ఉండదు.

2017 జనవరి 7న మిజోరం రాజధాని జట్టు ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్బు, అప్పట్లో దేశంలో పై ఫుట్‌బాల్ లీగయిన ఐ-లీగ్‌ను తాను గెలిచిన సీజన్‌ను ఇక్కడ, విద్యాసాగర్ క్రీడాంగణ్‌లో, ఈస్ట్ బెంగాల్ మీద మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో జరగబోయే అండర్-17 ప్రపంచ కప్పు కోసం సాల్ట్ లేక్ స్టేడియానికి మరమ్మతులు చేస్తుండటంతో కోల్‌కతా పెద్ద క్లబ్బులు చిన్న మైదానాలకు మారాయి. ఆ రోజు స్కోరు 1-1. మర్నాడు దాన్ని ఈస్ట్ బెంగాల్ చేజార్చుకున్న రెండు పాయింట్లుగానే చాలామంది చూసి ఉంటారు. ఐజ్వాల్‌కు దక్కిన ఒక పాయింటు గురించి ఆలోచించే కారణం అప్పటికి ఎవరికీ లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. అంతకు ముందు సీజన్‌లో, 2015-16లో, ఐజ్వాల్ మొదటిసారి ఐ-లీగ్ ఆడింది. మిజోరం నుంచి అక్కడిదాకా వచ్చిన తొలి క్లబ్బు అదే. తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆఖరి స్థానంలో ఉన్న పుణే జట్టు డీఎస్‌కే శివాజియన్స్ కొత్తగా నేరుగా చేరిన జట్టు కాబట్టి దానికి కింది లీగుకు దిగాల్సిన పని లేదన్నది నిబంధన. దాంతో ఎనిమిదో జట్టయిన ఐజ్వాల్ దిగిపోయింది. ఆ తరువాత గోవా క్లబ్బులు లీగు నుంచి తప్పుకున్నాయి, చోటు ఖాళీ అయింది, ఐజ్వాల్‌ను మళ్ళీ పిలిచారు. అలా తలుపు బయటికి వెళ్ళి, పిలిస్తే తిరిగి వచ్చిన జట్టు బారాసాత్‌లో దిగింది. దాని కోచ్ ఖాలిద్ జమీల్‌ది కూడా అలాంటి కథే. ఏడేళ్లు ముంబై ఎఫ్‌సీని నడిపి, ఆ క్లబ్బు వద్దనుకుంటే కొండల్లోకి వచ్చారు.

స్టేడియం గేటుకు తాళం ఉంది. కాపలాదారు కాసేపు తటపటాయించి, గోడ పక్క మెట్ల మీదికి ఎక్కనిచ్చాడు. కృత్రిమ పచ్చిక మీద ఎండ పడి వేడి ఆవిరిలా పైకి లేస్తోంది. పది నిమిషాలు నిలబడి, నాన్నకు ఫొటో పంపాను. 

నాన్న గురించి ఒక మాట. ఆయనకు 77 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఫతే మైదాన్ గోడ పక్క పెరిగిన తరం. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలవడం గురించి మా తాతయ్య చెబితే విన్నారు. మాకు చెబుతూ పెరిగారు. ఆయన చిన్నప్పుడు ఆడిన మైదానంలో ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు, దాని కార్ల పార్కింగ్ ఉన్నాయి. నేను ఈ ప్రయాణం సంగతి చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే: "ఆ కొండల్లో పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు? అది చూసి రా."

రెండో రోజు, మూడో రోజు: రైల్లో

కోల్‌కతా స్టేషను నుంచి సాయిరంగ్ రైలు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఒక పగలు. అస్సాం మైదానాలు దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. బైరాబి నుంచి సాయిరంగ్ దాకా 51 కిలోమీటర్ల కొత్త దారిని 2025 సెప్టెంబరులోనే ప్రారంభించారు. ఆ 51 కిలోమీటర్లలో 48 సొరంగాలున్నాయి. చీకటి, వెదురు అడవి, చీకటి, లోయ, మళ్ళీ చీకటి. సాయిరంగ్‌కు దగ్గరలో ఒక వంతెన స్తంభం 114 మీటర్లు ఉంటుంది. కుతుబ్ మినార్ కంటే 42 మీటర్లు ఎక్కువ. ఆ ఎత్తు నుంచి కిందికి చూస్తే ఏరు దారంలా కనిపిస్తుంది.

2017లో ఈ రైలు లేదు. బయటి జట్లు లెంగ్‌పుయి విమానాశ్రయంలో దిగి, మలుపుల రోడ్డు మీద కడుపులో తిప్పుకుంటూ ఐజ్వాల్ చేరేవి. ఐజ్వాల్ కుర్రాళ్లకు పుట్టినప్పటి నుంచీ అదే రోడ్డు. 

స్టేషను బయట ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్ళు మిజోరంలోకి రావడానికి తీసుకోవాల్సిన అనుమతి పత్రం) చూపించి, షేర్ టాక్సీలో గంటసేపు ఎక్కాను. చీకట్లో ఒక మలుపు తిరగగానే కొండ మొత్తం దీపాలతో కనిపించింది. టాక్సీలో ఎవరూ మాట్లాడలేదు, వాళ్లకు అది రోజూ చూసే ఇల్లే. నేను మాత్రం అద్దం దించి మెడ బయటపెట్టి చూశాను.

నాలుగో రోజు, శుక్రవారం: లమ్మువల్

ఈ ఊళ్ళో హారన్ మోగదు. రోడ్లు ఇరుకు, బళ్ళు బారులు తీరి ఉంటాయి, అయినా అందరూ ఎడమ పక్క వరసలో నిలబడి ఎదురుచూస్తారు. ద్విచక్ర వాహనం కూడా సందు దొరికిందని దూరదు. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి మొదటి గంట నమ్మకం కుదరదు, రెండో గంట నుంచి మనసు నెమ్మదిస్తుంది.

ఐజ్వాల్‌లో చదునైన నేల లేదు. ఇళ్ళు కొండకు వేలాడుతూ ఉంటాయి. రోడ్డు మీద ఒక అంతస్తు, కింద లోయలోకి నాలుగు అంతస్తులు. మనం వీధిలోంచి అడుగుపెట్టేది పై అంతస్తులోకి. అలాంటి చోట ఫుట్‌బాల్ మైదానం కావాలంటే కొండ తల కోయాలి, లేదా రెండు వాలుల మధ్య మట్టి నింపాలి. నాన్న ప్రశ్న ఎంత సరైనదో ఇక్కడ దిగాకే తెలిసింది.

ఊరి నడిబొడ్డున ఉన్న లమ్మువల్ మైదానం అస్సాం రైఫిల్స్ కవాతు చేసిన చోటు. చుట్టూ మేడలు, మెట్లు, మేడల పైన మళ్ళీ మేడలు. ఊరే గ్యాలరీ. నేను వెళ్ళేసరికి పన్నెండేళ్ల లోపు పిల్లలకు శిక్షణ జరుగుతోంది. శిక్షకుడు ఈల ఊదడం లేదు, చెయ్యెత్తితే చాలు, ఆగుతున్నారు. అరగంటలో నేను గమనించింది ఇది: ఒక్క పిల్లవాడు కూడా బంతిని గుడ్డిగా దూరం తన్నలేదు. కాలికి తగిలిన బంతిని పక్కవాడికి అందించి, వెంటనే ఖాళీలోకి పరిగెత్తుతున్నారు. ఇరుకు వీధుల్లో ఆడి పెరిగితే పాదానికి ఆ తెలివి దానంతట అదే వస్తుందేమో. బంతి ఎక్కువ దూరం పోతే లోయలోకి పోతుంది మరి.

ఐజ్వాల్ విజయాన్ని అద్భుతం అనేశారు. నాకు ఆ మాట నచ్చదు. అద్భుతం అంటే కారణం లేనిది. ఇక్కడ కారణాలు వీధికొకటి కనిపిస్తాయి. 2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలైంది. స్థానిక కేబుల్ చానెల్ జోనెట్ ఆ మ్యాచ్‌లను ఇంటింటికీ చేర్చింది. పక్క వీధి కుర్రవాడు టీవీలో కనబడితే ఈ వీధి కుర్రవాడు ఊరుకుంటాడా? రెండేళ్లకే, 2014లో, మిజోరం జట్టు సిలిగురిలో రైల్వేస్‌ను 3-0తో ఓడించి, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకు చాలా ముందే షైలో మల్సామ్‌త్లువాంగా కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, కొండల కుర్రాళ్ళు బతుకుదెరువుగా ఈ ఆటను ఎంచుకోవచ్చని చూపించాడు. తరువాత జేజే లాల్‌పెఖ్‌లువా దేశానికి గోల్స్ కొట్టాడు. 

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో అన్నం, 'బాయ్' అనే ఆకుకూరల పులుసు, రోట్లో నూరిన పచ్చిమిరప పెట్టారు. మిరప చిటికెన వేలంత కూడా లేదు. గుంటూరు కారం తిని పెరిగిన నాలుక కూడా నీళ్ళు అడిగింది. వడ్డించిన అమ్మాయి నవ్వి ఇంకొంచెం వేసింది.

ఐదో రోజు, శనివారం: ముయల్‌పుయి

రాజీవ్ గాంధీ స్టేడియం ఊరి చివర ముయల్‌పుయిలో ఉంది. నన్ను తీసుకెళ్ళిన టాక్సీ డ్రైవరుకు ముప్పై దాటి ఉంటాయి. మిజోలు మర్యాదగా 'కా పూ' అని పిలుస్తారు, మన 'అయ్యా' లాగా. "కా పూ, మీరు ఏ గోలు చూడటానికి వచ్చారో నాకు తెలుసు" అన్నాడు హిందీలో, నేను ఏమీ చెప్పకముందే. 

2017 ఏప్రిల్ 22, అదీ శనివారమే. కోల్‌కతా పెద్ద క్లబ్బు మోహన్ బగాన్ ఇక్కడికి వచ్చింది. సీజన్‌లో చివరి నుంచి రెండో మ్యాచ్. ఏడాది కిందట, 2016 మే 21న, గువాహటిలో జరిగిన ఫెడరేషన్ కప్పు ఫైనల్లో ఇదే బగాన్ ఐజ్వాల్‌ను 5-0తో చిత్తు చేసింది. ఆ ఐదు గోల్స్ ఊరంతటికీ గుర్తున్నాయి. 

గేటు దగ్గర ఉన్న ఉద్యోగి డ్రైవరుతో నాలుగు మాటలు మాట్లాడి మమ్మల్ని లోపలికి వదిలాడు. నేను బూట్లు విప్పి పచ్చిక మీద నడిచాను. దగ్గర నుంచి చూస్తే అది ప్లాస్టిక్ పోగుల మధ్య పోసిన నల్లటి రబ్బరు రవ్వ. అడుగు వేస్తే చిన్నగా చిట్లినట్టు చప్పుడు, కాలి వేళ్ళ మధ్య నువ్వుల్లా అంటుకుంటుంది. ఒక గోలు ముందు పెనాల్టీ చుక్క దగ్గర పోగులు అరిగిపోయి రవ్వ మాత్రమే మిగిలింది. ఎన్ని బూట్లు అక్కడ తిరిగాయో! మైదానానికి ఒక వైపు గ్యాలరీ, మిగతా వైపు కొండలు. మేఘం ఒకటి మనకంటే కింద, లోయలో, తాపీగా పోతోంది. సముద్ర మట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఉన్నామని అప్పుడు గుర్తొస్తుంది.

"ఎనభై మూడో నిమిషం" అన్నాడు డ్రైవరు. అప్పటిదాకా 0-0. గాలిలో వచ్చిన బంతిని డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే తలతో గోల్లోకి పంపాడు. తాను కూర్చున్న మెట్టును డ్రైవరు వేలితో చూపించాడు. "బంతి వలలో పడటం నేను చూడలేదు. ముందున్నవాళ్ళు లేచేశారు. చప్పుడు విన్నాను అంతే. మా అన్నయ్య నన్ను ఎత్తుకున్నాడు, అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు." చెబుతూ ఆ మెట్టు వైపు అలా చూస్తూనే ఉన్నాడు. 1-0. ఐజ్వాల్ 36 పాయింట్లకు చేరింది, బగాన్ 33 దగ్గర ఆగింది. ఇక మిగిలింది ఒక్క మ్యాచ్, లీగు గెలవడానికి కావలసింది ఒక్క పాయింటు.

ఆ జట్టును తలచుకుంటే నాకు ముచ్చటేసేది దాని కూర్పు. సగం మంది ఈ కొండల పిల్లలే. గోల్ కీపర్ ఆల్బినో గోమ్స్ గోవావాడు. జయేశ్ రాణే, అశుతోష్ మెహతా ముంబైలో ఖాలిద్ కింద ఆడి ఆయన వెంటే వచ్చినవాళ్ళు. నడిమధ్య సిరియా నుంచి మహమూద్ అల్ అమ్నా, లైబీరియా నుంచి ఆల్ఫ్రెడ్ జర్యాన్, ముందు వరసలో ఐవరీ కోస్ట్ నుంచి కామో బాయి. పెద్ద క్లబ్బులు పెద్ద పేర్లు కొనుక్కుంటుంటే, ఎవరికీ అక్కర్లేని వాళ్ళనూ ఎవరికీ తెలియని వాళ్ళనూ ఒకచోట చేర్చి, ఎవరి పని ఏమిటో ఖాలిద్ స్పష్టంగా చెప్పారు. ముందు గోలు ఇవ్వకూడదు, బంతి దొరికితే రెండు పక్కల నుంచి పరుగు తీయాలి. ఆయన జట్లన్నిటిదీ అదే పద్ధతి. 2025 ఆగస్టులో అదే మనిషిని భారత జాతీయ జట్టుకు కోచ్‌గా నియమించారు. ఆయన్ను పంపించేసిన ముంబై ఎఫ్‌సీ ఆ 2016-17 సీజన్‌లోనే ఆఖరి స్థానంలో నిలిచి కిందికి దిగిపోయింది. 

ఊళ్ళోకి తిరిగి వస్తూ డ్రైవరు దారి పక్క ఒక్కో మైదానం చూపిస్తూ వచ్చాడు. చర్చి వెనక ఒకటి, బడి కింద ఒకటి, రెండు మలుపుల మధ్య ఊయలలా ఒకటి. కొన్నిటికి పూర్తి ఫుట్‌బాల్ మైదానం కొలతలు కూడా లేవు. లోయ వైపు ఎత్తుగా వల కట్టి ఉంది. నేను పదకొండు దాకా లెక్కపెట్టాను. రాత్రి నాన్నకు ఆ అంకె చెప్పాను. ఫోనులో కాసేపు ఏమీ వినపడలేదు. "అన్నీ ఊరివేనా? ఎవరూ అమ్ముకోలేదా?" అన్నారు.

ఆరో రోజు, ఆదివారం

ఊరు పూర్తిగా మూసేశారు. టీ దొరకదు, టాక్సీ దొరకదు. పొద్దున్నే మంచి బట్టలు వేసుకుని అందరూ చర్చికి. కొండ మీద ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ పాటలు గాలిలో కలుస్తుంటాయి. ఆదివారం ఇక్కడ బంతి కూడా విశ్రాంతి తీసుకుంటుంది, మైదానాలన్నీ ఖాళీ.

నేను దిగిన ఇంటావిడ చర్చి నుంచి వచ్చాక టీ పెట్టి ఇచ్చారు. 2017 ఏప్రిల్ 30 ఆదివారమని ఆవిడే గుర్తుచేశారు. ఆఖరి మ్యాచ్ షిల్లాంగ్‌లో, అక్కడి క్లబ్బు లాజోంగ్ మీద. "చర్చి నుంచి రాగానే ఇల్లు నిండిపోయింది. మాకు టీవీ ఉన్నా పక్కింటివాళ్ళూ ఇక్కడికే వచ్చారు. ఆదివారం కదా, గట్టిగా అరవకూడదని పిల్లలకు చెప్పాను. ఆఖరికి అందరికంటే గట్టిగా నేనే అరిచాను" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు. కళ్ళు చెమర్చాయి. ఎనిమిదేళ్ల నాటి మ్యాచ్.

ఏడో రోజు, సోమవారం: సుమో

ఆ మ్యాచ్‌కు ఐజ్వాల్ అభిమానులు వెళ్ళిన రోడ్డు మీదే వెళ్ళాలని విమానం మానుకుని సుమోలో సీటు తీసుకున్నాను. కొలాసిబ్, వైరెంగ్తే దాటి అస్సాంలోకి, సిల్చర్ మీదుగా మేఘాలయ కొండల్లోకి. రాత్రంతా ప్రయాణం. నా మోకాళ్ళు ముందు సీటుకు ఆనుకునే ఉన్నాయి. సోనాపూర్ దగ్గర కొండచరియల మట్టి రోడ్డు మీదికి జారి, లారీలు ఒకటొకటిగా కదులుతున్నాయి. మేం అక్కడ చాలాసేపు ఆగిపోయాం. 

పక్క సీటు ఆయన అప్పట్లో తొమ్మిది మందితో ఇలాగే వెళ్ళారట. టిక్కెట్లు దొరుకుతాయో లేదో తెలియదు. అన్నం, ఉడికించిన మాంసం ఆకుల్లో కట్టుకుని బయలుదేరారు. "తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ నిద్రపోలేదు. డ్రైవరుకు నిద్ర రాకూడదని పాటలు పాడాం. నిజానికి పాడకుండా ఉండలేకపోయాం" అన్నారు. ఆయన అదే పాట సన్నగా అందుకున్నారు. చీకట్లో ఇంకెవరో గొంతు కలిపారు.

ఎనిమిదో రోజు, మంగళవారం: షిల్లాంగ్

జోవాయి దాటాక తెల్లవారింది. పైన్ చెట్ల మధ్య మంచు, చలి. షిల్లాంగ్‌లో బ్యాగు పడేసి, ముఖం కడుక్కుని నేరుగా పోలో మైదానం వైపు నడిచాను. దారిలో విలువిద్య పందెం చీట్లు అమ్మే కొట్లు అప్పుడే తలుపులు తీస్తున్నాయి. 

జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. ఇక్కడ తొమ్మిదో నిమిషంలోనే డిపాండా లాజోంగ్‌కు గోలు కొట్టాడు. అదే సమయంలో కోల్‌కతాలో రవీంద్ర సరోవర్ దగ్గర బగాన్ చెన్నై సిటీతో ఆడుతోంది. ఆ మ్యాచ్ బగాన్ 2-1తో గెలిచింది. అంటే ఇక్కడ ఓడితే అంతా పోయేలా ఉంది. విరామం దాటింది, గంట దాటింది, ఇంకా 0-1. వందల కిలోమీటర్లు సుమోల్లో వచ్చిన వాళ్ళు ఆ యాభై ఎనిమిది నిమిషాలు ఎలా గడిపారో ఊహించడానికి ఖాళీ గ్యాలరీలో ఒంటరిగా కూర్చున్నాను. ఊహ సరిపోలేదు. అరవై ఏడో నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా సమం చేశాడు. 1-1. మిగతా ఇరవై మూడు నిమిషాలు ఆ ఒక్క పాయింటును జట్టు కాపాడుకుంది.

18 మ్యాచ్‌లు, 11 గెలుపులు, 4 డ్రాలు, 3 ఓటములు, 37 పాయింట్లు. బగాన్ సీజన్ మొత్తంలో రెండే ఓడింది, అయినా 36 దగ్గర ఆగింది. దేశంలో పై లీగు గెలిచిన మొదటి ఈశాన్య క్లబ్బు ఐజ్వాల్. ఆ వరసలో ఒక్కో డ్రా ఎంత బరువైనదో! బారాసాత్‌లో ఎవరూ లెక్కచేయని ఆ పాయింటు లేకపోతే ఇద్దరివీ 36.

తరువాత జరిగింది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. డబ్బున్న కొత్త లీగు, ఇండియన్ సూపర్ లీగ్, పెద్దదైంది, దేశం గెలిచిన జట్టుకు అందులో చోటు దక్కలేదు. అల్ అమ్నా, ఖాలిద్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. 2018 జనవరిలో ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో ఐజ్వాల్ ఇరాన్‌లో జోబ్ ఆహన్ క్లబ్బు చేతిలో 3-1తో ఓడింది. ఆ ఒక్క గోలును ఐజ్వాల్‌లో నేను కలిసిన ముగ్గురు నాకు విడివిడిగా చెప్పారు.

సాయంత్రం స్టేడియం పక్క ఖాళీ స్థలంలో బడి పిల్లలు ఆడుతున్నారు. గోలుకు రెండు సంచులు. కీపర్ చేతులకు ఊలు గ్లోవ్స్. నాన్నకు వీడియో కాల్ చేశాను, స్టేడియం చూపిద్దామని. ఆయన స్టేడియం వైపు చూడనే లేదు.

"కెమెరా ఆ పిల్లల వైపు తిప్పు" అన్నారు.

తిప్పాను. చెయ్యి నొప్పి పుట్టి ఫోను దించబోతే ఊరుకోలేదు. "అలాగే పట్టుకో, అలాగే. ఆ ఎడమ పక్క ఎర్ర స్వెట్టర్ కుర్రవాడు, చూశావా, తలెత్తి చూసి మరీ బంతి ఇస్తున్నాడు."

చీకటి పడి బంతి కనిపించనంత వరకూ ఇద్దరం చూశాం.